సర్కారు తుమ్మ చరిత్ర

కడప నుండి ఎర్రగుంట్ల మీదుగా గుంతకల్లు వెళ్ళే రైలులో కూర్చుని బయటికి చూసేవానికి పంటచేను కంటే, కొండరాయి కంటే ఎక్కువగా కంటబడేది ఒక చెట్టు. దాన్ని చెట్టనడానికి నోరు రాదు, పొద అనడానికీ వీలు లేదు. మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలి, వంకరలు తిరిగి, ఒంటినిండా ముళ్ళతో వుంటుంది. వాన పడని ఏడు కూడా పచ్చగానే వుంటుంది. ఎండిన చెరువులో, వాగు ఒడ్డున, శ్మశానంలో, పడావు పడిన చేలో, బడి వెనుక, ఒకప్పుడు ఊరి పశువులు నిలిచిన మందబయలులో, అంతటా అదే. కోస్తా జిల్లాల్లో దీన్ని చిల్లకంప అంటారు. కొన్ని తావుల్లో పిచ్చితుమ్మ అంటారు. రాయలసీమ పల్లెల్లో ఉత్త 'కంప' అంటే చాలు, ఏ కంప అని మరొకరు అడగరు. తెలంగాణలో దాని పేరు సర్కారు తుమ్మ.

వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని చాలాకాలం ప్రోసోపిస్ జూలిఫ్లోరా అన్నారు. 2022లో ఆ ప్రజాతినే విడదీసి, దీన్ని నెల్టూమా జూలిఫ్లోరా అని మార్చారు. శాస్త్రజ్ఞులు పెట్టిన రెండు పేర్ల కంటే జనం పెట్టిన సర్కారు తుమ్మ అన్న పేరులోనే చరిత్ర ఎక్కువ వున్నది. ఈ చెట్టు ఎక్కడిదో ఆ పేరు చెప్పదు. ఎవరు తెచ్చారో చెబుతుంది. ఈ వ్యాసం చెప్పదలచిన విషయం కూడా అదే గనుక ముందే చెబుతున్నాను: ఒక మొక్క దురాక్రమణ చేసిందనడం సగం నిజం. అది ఆక్రమించడానికి అనువైన నేలను సిద్ధం చేసిన వారెవరు, ఆ నేల మీద ఎవరి హక్కులు తీసివేయబడిన తరువాత అది వచ్చింది అనేవి మిగిలిన సగం. ఆ సగం తెలియకుండా చేసే నిర్మూలన పథకాలు ఎందుకు విఫలమవుతున్నాయో కూడా అక్కడే తెలుస్తుంది.

ఈనాడు దురాక్రమణ జాతులను గురించిన చర్చ పెద్దదయింది. 2023లో జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్ ప్రభుత్వ వేదిక ఒక నివేదిక వెలువరించింది. మనిషి చేతుల మీదుగా కొత్త ప్రాంతాలకు చేరి స్థిరపడిన జాతులు 37,000కు పైన వున్నాయనీ, వాటిలో 3,500కు పైగా హానికరమైనవనీ, 2019లో వీటివల్ల ప్రపంచానికి కలిగిన ఆర్థికనష్టం 42,300 కోట్ల డాలర్లకు మించిందనీ ఆ నివేదిక అంచనా. ఈ అంకెలను కాదనవలసిన పని లేదు. ఐతే ఒక మాట గమనించాలి. ముప్ఫై ఏడు వేలలో హాని చేసేవి పదోవంతుకు కూడా చేరవు. కనుక పరాయి గడ్డ మీద పుట్టడం దానంతట అదే దోషం కాదు.

ఈ శాస్త్రానికి పునాది వేసిన గ్రంథాల్లో ఒకటైన చార్లెస్ ఎల్టన్ పుస్తకం 1958లో వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి ఇంకా పదిహేనేళ్ళు కాలేదు. దండయాత్రలు, విస్ఫోటనాలు అన్న యుద్ధభాష ఆ పుస్తకంలో సహజంగానే చేరింది. అది రేడియో ప్రసంగాల నుండి పెరిగిన పుస్తకం. జనానికి అర్థం కావాలని వాడిన ఉపమానాలు తరువాతి వారి చేతిలో సిద్ధాంతంలా మారినవి. దేశి మంచిది, పరదేశి చెడ్డది అని మొక్కల మీదుగా మనుషుల దాకా సాగే వాదాలు మన మధ్య లేకపోలేదు. అభ్యుదయవాదులు ఈ విషయంలో జాగ్రత్త పడకతప్పదు.

మన భాషనే సాక్ష్యానికి పిలుద్దాం. తెలుగులో దూరదేశపు వస్తువుకు 'సీమ' అని ముందు చేర్చడం వాడుక. సీమచింత మెక్సికో దిక్కునుండి వచ్చింది. మిరపకాయ అమెరికా ఖండానిది, మనవాళ్ళు దానికి మిరియం పేరునే సాగదీసి పెట్టుకున్నారు. రాయలసీమ రైతు బతుకంతా ఆధారపడిన వేరుశనగ దక్షిణ అమెరికాది. జామ, బొప్పాయి, మొక్కజొన్న, టొమాటో, ఆలుగడ్డ అన్నీ ఆ ఒడ్డువే. అన్నిటికంటే విచిత్రం సీతాఫలం. అమెరికా ఖండపు పండుకు మనవాళ్ళు ఏకంగా సీతమ్మ పేరు పెట్టారు. దాని బంధువుకు రాముని పేరు పెట్టారు. ఇవేవీ మనకు శత్రువులు కాలేదు. కారణం, వీటిని రైతు తన చేతితో నాటుకున్నాడు. తిన్నాడు, అమ్మాడు, వద్దనుకున్ననాడు పీకివేశాడు. సర్కారు తుమ్మ విషయంలో ఇది జరగలేదు. దాన్ని నాటిన చేయి వేరు, దాని ముల్లు దిగిన కాలు వేరు.

ఇక చరిత్రలోకి పోదాం. ఈ చెట్టు జన్మస్థానం మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తరభాగం, కరీబియన్ దీవులు. మద్రాసు రాజధానిలో ఉత్తర మండల అటవీ సంరక్షకుడుగా వున్న కర్నల్ బెడ్డోమ్ 1876లో ఈ జాతి విత్తనాలు తెప్పించవలసిందని రెవెన్యూ శాఖకు లేఖ రాశాడు. బెడ్డోమ్ సామాన్యుడు కాడు. దక్షిణ భారతపు అడవి చెట్ల మీద, పెరనాకు మొక్కల మీద అతడు రాసిన గ్రంథాలు ఈనాటికీ ప్రమాణం. కప్పల్లో, పాముల్లో అతడు గుర్తించిన కొత్త జాతులు అనేకం. అటువంటి విద్వాంసుని పూనికతో జమైకా విత్తనాలు వచ్చినవి. 1878 నాటికి కడప జిల్లా కమలాపురంలోని అటవీ శాఖ క్షేత్రంలో వాటిని ప్రయోగంగా విత్తారు. భారతదేశంలో ఈ చెట్టుకు తొలి నేలల్లో ఒకటి మన కమలాపురమే.

విత్తనాలు కోరిన సంవత్సరం చూడండి. 1876 మన పంచాంగంలో ధాత. సీమలో ముసలివాళ్ళు తరతరాలుగా చెప్పుకున్న ధాతకరువు అదే. 1876 నుండి 1878 దాకా మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్కను మాడిపోయినవి. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు మరీ ఘోరంగా దెబ్బతిన్నవి (అనంతపురం అప్పటికింకా బళ్ళారిలో భాగమే). చచ్చినవారు యాభై లక్షలకు తక్కువ కారు. ఓడరేవుల నుండి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో వచ్చి, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలునని తేల్చాడు. అది బతకడానికి చాలదని రాజధాని పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ బహిరంగంగా వాదించవలసి వచ్చింది.

కరువును పోగొట్టడానికి బెడ్డోమ్ ఈ చెట్టును తెచ్చాడని నేననడం లేదు. అతనికి కావలసింది వంటచెరకు, ఎండనేలలో బతికే కలప. ఆ అవసరం ఎక్కడ నుండి వచ్చిందో చూడాలి. మద్రాసు రైలుమార్గపు వాయవ్య శాఖ కడప మీదుగా 1871లో రాయచూరు చేరింది. కమలాపురం ఆ దారిలోనే వున్నది. మద్రాసు రాజధానిలో అప్పటికి బొగ్గు గనులు లేవు. ఇల్లెందు దగ్గర బొగ్గు వున్నట్లు డాక్టర్ కింగ్ 1871లోనే కనుగొన్నా, తవ్వే హక్కును ఇంగ్లండులో ఏర్పడిన కంపెనీ 1886లో గాని పొందలేదు, అదీ నిజాం రాజ్యంలో. కనుక రైలింజను కట్టెలు తినేది. పట్టాల కింద పరచిన దిమ్మెలు కూడా అడవే. ఈ తిండి ఎంతో మద్రాసు తొలి అటవీ సంరక్షకుడు క్లెగ్‌హార్న్ 1861 నాటి తన పుస్తకంలోనే లెక్కలు కట్టాడు. నల్లమల, లంకమల, పాలకొండలు, చుట్టుపట్ల చిట్టడవులు రైలుకు, సున్నపు బట్టీలకు, పట్టణాల పొయ్యిలకు తరలినవి. అడవి తరిగిన తరువాత అటవీ శాఖ పుట్టింది. శాఖ పుట్టిన తరువాత త్వరగా పెరిగే చెట్టు కోసం వెదుకులాట మొదలయింది. సరుగుడు, నీలగిరి, సర్కారు తుమ్మ ఈ వెదుకులాట ఫలితాలే.

దీనికి రెండో అంకం 1882 మద్రాసు అటవీ చట్టం. ఆ చట్టంతో ఊరి పశువులు తిరిగే కొండ, బోడు, చిట్టడవి రిజర్వు అయినవి. పచ్చికకు పుల్లరి కట్టవలసి వచ్చింది. 1921-22లో పల్నాడులో పుల్లరి కట్టమని రైతులు ఎదురు తిరగడం, మించాలపాడు కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపడం పాఠకులకు తెలిసినదే. పల్నాటి పోరాటాన్ని మనం స్వాతంత్ర్యోద్యమ అధ్యాయంగానే చదువుకున్నాం. అది పచ్చిక బయళ్ళ చరిత్రలో కూడా ఒక అధ్యాయం. ఒకవైపు పశువు తినే గడ్డికి పన్ను, మరొకవైపు పశువు ముట్టని ఆకున్న చెట్టుకు ప్రోత్సాహం. ఈ రెండూ ఒకే శాఖ చేసిన పనులు.

మూడోది చెరువు. సర్కారు తుమ్మను గురించి రాసేవారు సాధారణంగా దీన్ని తలవరు గాని నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. కడప సీమ చెరువుల సీమ. పోరుమామిళ్ళ చెరువు కట్ట మీది 1369 నాటి శాసనం చెరువు ఎట్లా కట్టాలో, ఏ దోషాలు లేకుండా చూడాలో ఒక శాస్త్రంగా చెబుతుంది. ఈ చెరువుల మరమ్మతుకు దశబంధం ఇనాములుండేవి. చెరువును చూసుకునేవానికి దాని కింది భూమిలో కొంత పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో వదిలేవారు. ఇది ఆదర్శ సమాజమని చెప్పడం లేదు. ఆ పూడిక తీసిన చేతులు ఎవరివో, ఆ నీళ్ళు ముందు ఎవరి మడికి పారేవో మనకు తెలుసు. కాని చెరువును ఏటా ముట్టుకునే చేతులైతే వుండేవి. రైత్వారీ వచ్చి శిస్తు ఒక్కొక్క రైతు పేర సర్కారుకు చేరడం మొదలయ్యాక, ఇనాములు తగ్గి, మరమ్మతు ప్రభుత్వ శాఖల చేతికి పోయాక, పూడిక తీయని చెరువు మెల్లగా మెరక అయింది. మెరక అయిన చెరువు గర్భం సర్కారు తుమ్మకు పుట్టిల్లు. అడుగున తేమ వుంటుంది, పైన దున్నేవాడు వుండడు, అడిగే హక్కుదారు వుండడు. తరువాత బోరుబావులు వచ్చి ఉన్నవాడు చెరువు వైపు చూడడం మానినప్పుడు ఈ పని పూర్తయింది.

ఈ చెట్టు స్వభావం కొంత తెలుసుకోవాలి. లేకపోతే అన్నీ రాజకీయాలే అని నన్నుకూడా అనవచ్చు. దీని కాయ తియ్యన. ఎండాకాలంలో మరే మేతా లేనినాడు పసుపురంగు కాయలు రాలుతాయి. గొర్రె, మేక, ఆవు, గాడిద అన్నీ తింటాయి. గింజ మీద గట్టి పెంకు వుంటుంది. పశువు కడుపులో అది కొంత మెత్తబడి, పెంటతో సహా బయటపడి, ఎరువులో కూర్చుని మొలుస్తుంది. రాయలసీమలో రైతు తన చేలో గొర్రెల మందను రాత్రిపూట నిలిపి, దానికి గొర్రెలకాపరికి గింజలో, డబ్బో ఇవ్వడం పాత ఏర్పాటు. చేనుకు ఎరువు, కాపరికి కూలి. ఇప్పుడా మందతో పాటు తుమ్మ గింజ కూడా చేలోకి వస్తున్నది. ఒక మంచి ఏర్పాటు ఈ విధంగా అనుమానాస్పదమయింది. ఆకు మాత్రం చేదు, పశువు ముట్టదు. అంటే చెట్టు తన సంతానాన్ని మోయించుకుంటుంది గాని తనను తిననివ్వదు. నరికితే మోడు నుండి ఒకటికి పది పిలకలు వేస్తుంది. వేరు ఎంత లోతుకైనా పోతుంది. దీని దగ్గర బంధువైన ఒక అమెరికా జాతి వేరును అరిజోనాలో ఒక గనిలో 53 మీటర్ల లోతున చూసినట్లు 1960లో ప్రకటించారు. ఉప్పునేల, చవిటినేల దీనికి అడ్డు కాదు. వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ మెట్టగడ్డి కంటే ఇటువంటి కొయ్యజాతులకే లాభమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. వానలు క్రమం తప్పి, ఒకేసారి కురిసి మళ్ళీ నెలల తరబడి మొహం చాటేసే కాలంలో ఏటా మొలవవలసిన గడ్డి ఓడిపోతుంది, లోతు వేరున్న చెట్టు గెలుస్తుంది. మారుతున్న వాతావరణం ఈ కథలో కొత్త పాత్ర కాదు. పాత పాత్రకు బలమిచ్చే పాత్ర.

అమెరికా ఖండపు ఆదివాసులు ఈ ప్రజాతి చెట్ల కాయలను దంచి పిండి చేసుకుని తినేవారు. గింజ మన దేశానికి ప్రయాణం చేసింది గాని ఆ పిండి కొట్టే తెలివి చేయలేదు. వలస అధికారికి కలపే కనబడింది, కాయ కనబడలేదు.

బ్రిటిష్ వారితోనే ఇది ముగిసిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్లే. 1930ల్లో జోధ్‌పూర్ సంస్థానంలో విమానం నుండి ఈ గింజలు చల్లించారు. 1940లో దీన్ని రాజవృక్షంగా ప్రకటించి, జనం కాపాడవలసిందని ఆజ్ఞ ఇచ్చారు. స్వతంత్ర భారతంలో గుజరాత్ అటవీ శాఖ 1961లో కచ్ జిల్లా బన్నీ పచ్చిక బయలు అంచుల్లో ముప్ఫై వేల హెక్టార్లకు పైగా నాటించింది. ఉప్పుకయ్య ముందుకు జరగకుండా ఆపాలన్నది ఉద్దేశం. ఆసియాలోకెల్లా పేరుపడిన ఆ గడ్డి మైదానంలో సగానికి పైగా ఈ చెట్టు కప్పివేసింది. అక్కడ మాల్‌ధారీలు తరతరాలుగా గేదెలు, కాంక్రేజ్ ఆవులు మేపేవారు. కాయలే మేతగా మిగిలిన చోట ఆవులు జబ్బుపడి చచ్చాయి, గేదెలు తట్టుకున్నాయి. ఆవుల పెంపకం నుండి గేదెల పెంపకానికి ఒక జనసమూహం మళ్ళడానికి ఒక చెట్టు ఇంత కారణమయింది. మన రాష్ట్రంలో సామాజిక అడవుల పేరిట బంజరులు పచ్చబడాలని 1980ల్లో పెద్ద పథకాలు నడిచాయి. ఆనాటికి ఈ చెట్టును ఎవరూ నాటవలసిన అవసరమే లేకపోయింది. అది తానే వచ్చేది. పటంలో మాత్రం పచ్చరంగు పడేది.

ఇతర దేశాల్లోనూ ఇంతే. ఎడారిని ఆపాలని నిపుణులు నాటించారు, తరువాత పశువుల కాపరులు ఏడ్చారు. సూడాన్ 1995లో నిర్మూలన చట్టమే చేసింది. కెన్యాలో బరింగో సరస్సు తీరపు కాపరులు ప్రభుత్వం మీద దావా వేసి, ఈ కాయలు తిని పళ్ళూడిన మేకను తీసుకువచ్చి న్యాయస్థానంలో చూపించారు. సాక్ష్యం చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం వాళ్ళకు దొరకలేదు.

ఐతే ఈ చెట్టుతో బతికేవారు లేరా? వున్నారు. ఇక్కడే సమస్య చిక్కుబడి వున్నది. మెట్ట జిల్లాల్లో అడవి మూసుకుపోయిన తరువాత పేదింటి ఆడవాళ్ళకు వంటచెరకు ఇదే ఇచ్చింది. దీని కట్టె నిలకడగా మండుతుంది, పచ్చిది కూడా రాజుకుంటుంది. గ్యాసు బండ ఇంటికి వచ్చిన తరువాత కూడా నింపించే డబ్బు లేని నెలలో మళ్ళీ కంపే దిక్కు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైపు కంప కొట్టి బొగ్గు కాల్చే పనిలో యానాదులు ఎక్కువ. చిన్న బట్టీ దగ్గర సంసారం పెట్టుకుని, అడ్వాన్సు కింద తీసుకున్న డబ్బు తీరేదాకా పిల్లలతో సహా పని చేస్తారు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నాటిది. కట్టెలు కొట్టే తావుల నుండి ఇరులర్లను వెట్టి నుండి విడిపించిన కేసులు తమిళనాడులో ఈ శతాబ్దంలో కూడా నమోదయినవి. ఇక బయోమాస్ విద్యుత్ కేంద్రాలు వచ్చినప్పుడు ఈ కంప టన్నుల లెక్కన సరుకయింది. దళారీ ఒకడు మధ్యలో నిలిచాడు. ముల్లు గుచ్చుకున్నది కొట్టినవానికి, లాభం మిగిలింది లారీ వానికి.

కనుక 'ఈ చెట్టు పేదవానికి వరం' అని అటవీ నిపుణుడు రాసినప్పుడూ, 'ఈ చెట్టు పేదవానికి శాపం' అని పత్రికలు రాసినప్పుడూ, ఏ పేదవాడు అని అడగాలి. గొర్రెలకాపరికి మేత పోయింది. కట్టెల మోపు అమ్ముకునే ఆమెకు కూలి దొరికింది. ఒకే ఊళ్ళో ఇద్దరూ వున్నారు. తరచు ఒకే ఇంట్లో కూడా వున్నారు. గొర్రెలు అమ్ముకున్న తరువాతనే ఆ ఇంటి ఆడమనిషి కట్టెల మోపు ఎత్తుకుంటుంది. ఈ మార్పును ఉపాధి కల్పన అంటే ఏమనాలి!

ఇక నిర్మూలన సంగతి. మన గడ్డ మీద ఒక పాత ఉదాహరణ వున్నది. నాగజెముడు కూడా అమెరికా నుండి వచ్చిందే. ఎర్రరంగు ఇచ్చే కొచినీలు పురుగును పెంచాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. అప్పటికి ఆ రంగు వ్యాపారం స్పెయిను గుత్తలో వుండేది. మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ 1780ల చివర ఇందుకోసం జెముడు తోటే వేశాడు. 1795లో బ్రెజిల్ నుండి కలకత్తాకు వచ్చింది అసలు పురుగు కాదు, దాని నాసిరకపు చుట్టం. రంగు వ్యాపారం సాగలేదు గాని ఆ పురుగు ఒక రకం జెముడును తిని ఉత్తర హిందూస్థానంలో ఊడ్చిపెట్టింది. అనుకోకుండా జరిగిన ఆ సంఘటన కలుపును పురుగుతో అదుపు చేసే విద్యకు ప్రపంచంలోనే మొదటి పాఠాలలో ఒకటయింది. దక్షిణాదిన పొలాలను మింగిన మరొక రకం జెముడును 1926లో సింహళం నుండి తెచ్చిన ఇంకొక కొచినీలు జాతి కొద్ది సంవత్సరాలలో అదుపు చేసింది. అంటే శాస్త్రం చేతకానిది కాదు.

సర్కారు తుమ్మకు ఆ మార్గం ఎందుకు పట్టలేదు? దక్షిణాఫ్రికాలో గింజను తినే పురుగులను 1980ల్లో వదిలారు. గింజ మాత్రమే తినే పురుగును ఎంచుకోవడానికి కారణం, చెట్టు మీద ఆధారపడ్డవాళ్ళు చెట్టును చంపవద్దన్నారు. మనకు ఇంకొక చిక్కు వున్నది. మన జమ్మి దీనికి చుట్టం. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ, దసరా నాడు మనం ఆకు పంచుకునే చెట్టూ అదే. పేరు మార్పు జరిగాక కూడా జమ్మి ప్రోసోపిస్‌గానే మిగిలింది. తుమ్మ మీదికి తెచ్చిన పురుగు జమ్మి మీద వాలదని తేల్చుకోకుండా అడుగు వేయరాదు. విరాటపర్వం పాఠం చెప్పేటప్పుడు నేను తరగతిలో జమ్మి చెట్టు ఎంతమంది చూశారని అడుగుతుంటాను. ఆకు చూశామంటారు. చెట్టు చూసినవారు నలుగురైదుగురికి మించి ఎన్నడూ లేరు. సర్కారు తుమ్మ చూడనివాడు ఒక్కడూ లేడు.

న్యాయస్థానాలు కూడా ఇందులో ప్రవేశించాయి. తమిళనాడులో ఈ చెట్టును సమూలంగా తొలగించాలని మద్రాసు హైకోర్టు మధురై బెంచి ఉత్తర్వులిచ్చి, 2017లో ఆ పనికి గడువులు పెట్టి వేగిరపరచింది. ఊరూరా యంత్రాలు దిగాయి. కొన్ని నెలలకే, శాస్త్రీయ పరిశీలన జరగవలసిందని హైకోర్టే ఆ పనికి అడ్డుకట్ట వేసింది. ఈ చెట్టు గాలిలోని తేమను కూడా పీల్చివేస్తుందని ఆ రోజుల్లో విస్తారంగా ప్రచారమయింది. దానికి శాస్త్రాధారం లేదు. నేలలోని నీటిని అది బాగానే తాగుతుంది, ఆ మాట చాలును. చెడ్డచెట్టుపై కూడా అబద్ధం చెప్పనవసరం లేదు. నీరు ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు చెట్టును చూపిస్తే, వేయి అడుగుల బోరువేసినవాడు తప్పుకుంటాడు.

బన్నీలో మాత్రం కొంత వేరుగా జరుగుతున్నది. 2006 అటవీ హక్కుల చట్టం కింద మాల్‌ధారీలు ఊరుమ్మడి హక్కు కోరారు. 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బన్నీలోని ఆక్రమణలు తొలగించాలనీ, ఆ బయలును కాపాడుకునే హక్కు మాల్‌ధారీలదేననీ చెప్పింది. ఎక్కడ చెట్టు పీకాలి, ఎక్కడ ఉంచి బొగ్గు కాల్చాలి, పీకిన చోట ఏ గడ్డి వేయాలి అన్నది మేపేవాడే చెప్పగలిగిన సంగతి. గడ్డి వేయకుండా చెట్టు పీకితే మరుసటి వానకు మళ్ళీ అదే మొలుస్తుందని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు.

మనవైపు ఇట్లా లేదు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువు కట్టలమీదా, గర్భంలోనూ తుమ్మ తీశారు. నీళ్ళు నిలిచిన చోట అది తిరిగి రాలేదు, నిలవని చోట వచ్చింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలీలు చాలా తావుల్లో కంప కొట్టారు. కొట్టినప్పుడు కొలతలుండేవి, కూలి వుండేది. వేరు తవ్వడానికి మాత్రం లెక్క కుదిరేది కాదు. భూమట్టానికి కొట్టిన మోడు చావదు. వేరుమొదలు కిందికి తవ్వి తీయాలి. తీసిన నేలను కనీసం రెండు మూడేళ్ళు విడవకుండా దున్నాలి. లోపల నిద్రపోతున్న గింజ అన్నేళ్ళూ మొలుస్తూనే వుంటుంది.

ఇదంతా ఖర్చు. ఆ ఖర్చు ఎవరిది అన్నప్పుడు అసైన్‌మెంటు భూముల దగ్గరికి రావాలి. 1973 భూసంస్కరణల చట్టం తరువాత సీలింగు మిగులులో పేదలకు దక్కింది ఎక్కువగా భూస్వామి వదులుకోవడానికి సిద్ధపడిన భూమి. దానితోపాటు ప్రభుత్వ బంజరులు. మాల, మాదిగ, ఎరుకల, యానాది కుటుంబాలకు పట్టా చేతికి వచ్చేసరికి ఆ భూమి నిండా కంపే. రెండెకరాల కంప తీయించడానికి యంత్రం బాడుగ ఇవ్వలేక, పట్టా పెట్టెలో పెట్టి కూలికి పోయినవారు ఎందరో. సాగులో లేదు గనుక పట్టా రద్దుచేయమని కొన్నాళ్ళకు నోటీసు వస్తుంది. 1977 చట్టం అసైన్డు భూమి అమ్మకాన్ని నిషేధించింది. అయినా కంప పెరిగిన భూమిని కౌలు పేరిట, కాగితం మీద వేలిముద్రతో, పక్కచేను పెద్దరైతు కలుపుకున్న ఊళ్ళు ఎన్నైనా చెప్పవచ్చు. అతని యంత్రం రెండు రోజుల్లో కంప తీసివేస్తుంది. మూడోనాడు బోరు పడుతుంది. ఆ ఏడు అక్కడ చీనీ మొక్కలు నాటుతారు.

కంప తీయించడానికి, మూడేళ్ళు దున్నించడానికి, మొదటి పంటకు విత్తనానికి అయ్యే ఖర్చును పట్టాతోపాటే ఇవ్వాలని వ్యవసాయ కార్మిక సంఘాలు అడగవలసి వున్నది. ఆ కంపను కొట్టి బొగ్గు చేసుకునే హక్కు కూడా దళారీకి కాక ఆ కుటుంబాలకే వుండాలి. మందబయళ్ళ సర్వే నంబర్లు ఏవో, వాటిలో ఎంత ఇంకా మేతకు మిగిలిందో పంచాయతీ రికార్డుల్లో వెదికితే దొరుకుతుంది. మన విద్యార్థులు వేసవి సెలవుల్లో ఈ పని తమతమ ఊళ్ళలో చేయవచ్చు. కమలాపురం చుట్టుపట్ల నుండి మొదలుపెట్టినా తప్పులేదు.